లొరెతోలో ఒక్క మధ్యాహ్నం: మిషన్ చర్చి, మ్యూజియం, శాన్ హవియేర్ – ఏది ముందు, ఏది వదలాలి?

తూర్పుగాలి
డిసెంబరు మూడో వారంలో లాస్ ఏంజెలెస్ నుంచి మెక్సికోలోని లొరెతో (బాహా కాలిఫోర్నియా సుర్) వెళ్లే నలుగురి కోసం అడుగుతున్నాను. ఇద్దరు అరవై దాటినవాళ్లు, అమెరికా విజిటర్ వీసా. ఇద్దరు హెచ్1బి. విమానం దిగి గదిలో లగేజి పెట్టేసరికి ఒంటిగంట. మర్నాడు పొద్దున పడవలో కరొనాదోస్ దీవి, ఆ మర్నాడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఊరు చూడటానికి మిగిలింది మొదటిరోజు మధ్యాహ్నమే.

1. ఆ నాలుగైదు గంటల్లో ఊళ్లో మిషన్, మ్యూజియం చూడాలా, కొండల్లోని శాన్ హవియేర్ మిషన్‌కి వెళ్లాలా? రెండూ కుదురుతాయా?
2. మెక్సికో వీసా కావాలా?
3. పెద్దవాళ్లు శాకాహారులు, గుడ్డు కూడా తినరు. తిండి సంగతేమిటి?

రాతికట్టడం
దిగేది ఏ వారమో ముందు చూసుకోండి. సోమవారమైతే మ్యూజియం మూసి ఉంటుంది. చర్చి పక్కనే ఉన్న జెసూట్ మిషన్ల మ్యూజియం (జెసూట్లు ఒక కేథలిక్ గురువుల సంఘం, మిషన్ అంటే మతప్రచారకులు చర్చి చుట్టూ పెట్టిన స్థావరం) మెక్సికో ప్రభుత్వ పురావస్తు సంస్థది, ఆ సంస్థ మ్యూజియాలకు సోమవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా మూసే వేళకు ముందే టికెట్లు ఆపేస్తారు. అందుకని ముందు మ్యూజియం, తర్వాత చర్చి. చాలామంది దీన్ని తిరగేసి, చర్చి మెట్ల మీద ఫొటోలు దిగుతూ మ్యూజియం పోగొట్టుకుంటారు.

ముందు మ్యూజియం అనడానికి ఇంకో కారణం ఉంది. చర్చి లోపల వివరించే పలకలు దాదాపు లేవు. మ్యూజియంలో విగ్రహాలు, చిత్రాలు, పనిముట్లు వరస గదుల్లో పెట్టారు. అవి చూసి వస్తే చర్చిలో కనిపించేది అర్థమవుతుంది. రాతలు ఎక్కువగా స్పానిష్‌లో ఉంటాయి కాబట్టి ఫోన్‌లో అనువాదం యాప్‌కి స్పానిష్ ప్యాక్ ఇంటి దగ్గరే దించుకోండి. మందపాటి గోడల మధ్య సిగ్నల్‌ని నమ్ముకోలేం. మ్యూజియానికి గంటంబావు, చర్చికి అరగంట చాలు.

చర్చిలో గమనించాల్సినవి:

గుమ్మం పైన రాతిలో చెక్కిన వాక్యం. దిగువ (ఇప్పటి మెక్సికోలోని ద్వీపకల్పం), ఎగువ (ఇప్పటి అమెరికా రాష్ట్రం) కాలిఫోర్నియా మిషన్లన్నిటికీ ఇదే శిరస్సు, ఇదే తల్లి అని దానర్థం. గొప్ప కోసం రాసుకున్నది కాదు. 1697 అక్టోబరు 25న ఇక్కడ మొదలైన మిషనే ఈ ద్వీపకల్పంలో నిలదొక్కుకున్న మొదటిది. 1777లో రాజధాని ఎగువ కాలిఫోర్నియాలోని మాంటెరేకి మారేదాకా కాలిఫోర్నియాల పాలన ఇక్కడి నుంచే నడిచింది.

తర్వాత గంటల గోపురం. మిగతా గోడల రాయినీ దాని రాయినీ పోల్చి చూడండి. ఇప్పటి రాతి చర్చి 1740లలోది, గోపురం మాత్రం 20వ శతాబ్దంలో మళ్లీ కట్టింది. భూకంపాలు, తుపాన్లు కలిసి పాతదాన్ని మిగల్చలేదు. లోపల పైకప్పు కమాను కాదు, అడ్డంగా వేసిన కలప దూలాలు. శాన్ హవియేర్ వెళ్తే ఈ తేడా గుర్తు పెట్టుకోండి, అక్కడ కప్పు కూడా రాతిదే.

ప్రార్థన జరుగుతుంటే గుమ్మం దగ్గరే ఆగాలి. ఫ్లాష్ వాడొద్దు, టోపీ తీసేయాలి.

దారిమ్యాప్
శాన్ హవియేర్ లెక్క నేను చెప్తాను. లొరెతో నుంచి సుమారు 35 కిలోమీటర్లు. ఊరు దాటి దక్షిణంగా 1వ నంబరు హైవే మీద కొద్ది దూరం వెళ్లగానే కుడివైపు, అంటే కొండలవైపు చీలుతుంది. దూరం తక్కువని అరగంట వేసుకుంటే పొరపాటే. దారంతా సియెర్రా దె లా హిగాంతా కొండల్లోకి ఎక్కుడు, మలుపులు. 50 నిమిషాల నుంచి గంట పడుతుంది.

తారు వేశారు. కానీ దారి వాగుల్ని దాటేది వంతెనల మీద కాదు, వాగు అడుగునే. అలాంటి చోటును అక్కడ వాదో అంటారు. తుపాను నెలల్లో, ముఖ్యంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వరద ఆ తారును కోసుకుపోతుంది. బాగుచేసేదాకా గులకరాళ్ల మీదే నడపాలి. డిసెంబరుకు సాధారణంగా మామూలు కారు పోతుంది, అయినా ఆ సంవత్సరం వానలు ఎలా పడ్డాయో హోటల్లో అడిగి బయల్దేరండి. వాదోలో నీళ్లుండి అడుగు కనబడకపోతే దాటొద్దు.

బయల్దేరేముందు:
- పెట్రోలు లొరెతోలోనే నింపాలి, కొండదారిలో బంకు లేదు. బంకులో పంపు సున్నా దగ్గర ఉందో లేదో చూశాకే పోయనివ్వండి.
- స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, స్పానర్ ఉన్నాయా అని కారు తీసుకునే చోటే డిక్కీ తెరిచి చూడాలి. కొండ మీంచి రాలిన రాళ్ల అంచులకు టైరు పక్కభాగం చీలుతుంది. అలా చీలితే పంక్చర్ ద్రవం పనిచేయదు.
- మ్యాపు ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. దారిలో ఎక్కువ భాగం సిగ్నల్ ఉండదు.
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

ఇక టైము. డిసెంబరు మూడో వారంలో అక్కడ పొద్దు గూకేది 5:40 ప్రాంతంలో. 1:30కి బయల్దేరితే 2:30కి చేరతారు, 3:45కి వెనక్కి తిరిగితే 4:45కి హైవే ఎక్కుతారు. ఇది దాటకూడదు. కొండల మధ్య వెలుతురు ఇంకా ముందే పోతుంది. చీకటి పడితే పశువులు తారు మీదికొస్తాయి. రోడ్డు మీంచి జారిన వాన నీటికి అంచుల్లోనే గడ్డి మొలుస్తుంది, రాత్రి చలిలో తారు వెచ్చగా ఉంటుంది. నల్ల ఆవు హెడ్‌లైటులో కనబడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు.

ఉప్పుపప్పు
మూడో ప్రశ్నకు జవాబు. ఉత్తర మెక్సికోలో కంటికి మాంసం కనబడని వంటలో కూడా పందికొవ్వు ఉంటుంది. దాని పేరు మాంతెకా. గుర్తుంచుకోవాల్సిన మాట ఇదొక్కటే.

వేయించి మెదిపిన చిక్కుడు గింజల ముద్ద, ఫ్రిహోలెస్ రెఫ్రితోస్, చాలాచోట్ల మాంతెకాతోనే చేస్తారు. గోధుమ తోర్తియాల్లో కూడా అదే కలుపుతారు, బాహాలో అడక్కపోతే వచ్చేది తరచు గోధుమవే. మొక్కజొన్న తోర్తియా అడగండి: "తోర్తియా దె మాయీస్". సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి చేస్తారు, మామూలుగా అందులో కొవ్వు పడదు. ఎర్రన్నం తరచు కోడి ఉడికించిన నీళ్లలో వండుతారు, సూపుల సంగతీ అంతే.

గుడ్డు తినరన్నారు కాబట్టి చీలే రెయేనో వద్దు. పెద్ద మిరపకాయలో జున్ను కూరి వండుతారు, చూడ్డానికి మన మిరపకాయ బజ్జీకి అక్కలా ఉంటుంది, కానీ పైపూత గుడ్డు సొనదే.

నోపాలెస్ తప్పకుండా అడగండి. అది మన నాగజెముడు జాతే. లేత మట్టలకు ముళ్లు తీసి, ముక్కలు కోసి వేయిస్తారు. బెండకాయలా కాస్త జిగురు ఉంటుంది, పులుపు ఉంటుంది. మన పొలం గట్ల మీది నాగజెముడు మూలం అమెరికా ఖండమే. అక్కడ అది కూర.

చెప్పాల్సిన వాక్యం: "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో, సిన్ మాంతెకా." మాంసం, కోడి, చేప, గుడ్డు, పందికొవ్వు లేకుండా అని. ఒక్క "సిన్ కార్నె"తో సరిపెడితే కోడి, చేప వచ్చే అవకాశం ఉంది, కార్నె అంటే అక్కడ ముఖ్యంగా ఎర్రమాంసం. చీటీ మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

మాంసాహారులకు లొరెతో ప్రత్యేకం చాక్లెట్ ఆల్చిప్పలు. చాక్లెట్ రంగు పెంకు తప్ప చాక్లెట్‌తో దానికి సంబంధం లేదు. కీలు పైకి ఉండేలా వాటిని గులకలో దగ్గరదగ్గరగా గుచ్చి, పైన ఎండుకంప పేర్చి మంట పెడతారు. నోరు కిందికి ఉండటంతో బూడిద లోపలికి పోదు.

కాగితాలు
రెండో ప్రశ్న. భారత పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే పర్యటనకు మెక్సికో వీసా అక్కర్లేదు. విజిటర్ అయినా హెచ్1బి అయినా ఒకటే. గ్రీన్ కార్డుకూ అదే.

హెచ్1బి వాళ్లు పొరబడేది ఇక్కడ: ఐ-797 ఆమోదపత్రం ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటితే మెక్సికో ఒప్పుకోదు. విమానం ఎక్కనిచ్చే దగ్గరే ఆపేస్తారు. "ముప్ఫై రోజుల లోపు మెక్సికో వెళ్లొస్తే పాత స్టాంపుతోనే తిరిగి రావచ్చు" అనే నియమం అమెరికాలోకి తిరిగి వచ్చేందుకు. మెక్సికోలోకి వెళ్లేందుకు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ప్రయాణాలు ఆగిపోతున్నాయి. స్టాంపు గడువు దాటితే ముందుగా మెక్సికన్ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి.

వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి. పెద్దవాళ్ల ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) బయల్దేరే ముందే డౌన్‌లోడ్ చేసి కాగితం మీద ఉంచుకోండి. తిరిగొచ్చాక కొత్తగా ఆరు నెలలు వస్తాయని లెక్క వేసుకోవద్దు, అది అధికారి నిర్ణయం. మెక్సికోలో దిగాక స్టాంపు మీద ఎన్ని రోజులు ఇచ్చారో కౌంటరు దగ్గరే చూడండి. చీటీ ఇస్తే పారేయొద్దు, తిరిగి వెళ్లేటప్పుడు అడుగుతారు. నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు కాన్సులేట్ వెబ్‌సైట్ ఒకసారి చూడాలి.

మలుపు
దారిమ్యాప్ గారి లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. కానీ దిగినరోజు పెద్దవాళ్లతో శాన్ హవియేర్ వద్దంటాను. ఆ లెక్కలో మిగులు గంటే. విమానం నలభై నిమిషాలు ఆలస్యమై, కారు కౌంటరు దగ్గర ఇంకో అరగంట పోతే ఆ మిగులు లేనట్టే.

ఆ కౌంటరు దగ్గర ఆలస్యం దాదాపు ఖాయం. ఇంటర్నెట్‌లో కనిపించే అద్దెలో మెక్సికో థర్డ్ పార్టీ బీమా తరచు కలిసి ఉండదు, చట్ట ప్రకారం అది తప్పనిసరి. అమెరికాలో మీ కారుకున్న పాలసీ అక్కడ చెల్లదు. క్రెడిట్ కార్డు బీమా మీరు తీసుకున్న కారుకు తగిలిన దెబ్బ వరకే, ఎదుటివారికి జరిగిన నష్టానికి కాదు. ఈ వాదన అక్కడ మొదలుపెడితే గంట పోతుంది. బీమా కలిపిన మొత్తం ధర రాతపూర్వకంగా ముందే తెప్పించుకోండి.

ఊళ్లో చూడాల్సినవన్నీ కాలినడకన అయ్యేవే. విమానాశ్రయం ఊరికి దగ్గర్లోనే, టాక్సీ చాలు. మొదటిరోజుకు కారే అక్కర్లేదు.

దారిమ్యాప్
బీమా విషయం ఒప్పుకుంటున్నాను, అది నా లెక్కలో లేదు. కానీ శాన్ హవియేర్ పూర్తిగా వదిలేయమనడం నాకు ఇష్టంలేదు. బాహాలో జెసూట్లు కట్టిన చర్చిల్లో బాగా చెక్కుచెదరకుండా నిలిచినవాటిలో అదొకటి. లొరెతో చర్చి చరిత్రలో పెద్దది, శాన్ హవియేర్ కంటికి పెద్దది.

రాతికట్టడం
అది నిజం. శాన్ హవియేర్ రాతి చర్చి 1744లో మొదలై 1758లో పూర్తయింది. కట్టించింది మిగెల్ దెల్ బార్కో. శిలువ ఆకారంలో నేలపథకం, రాతి కమాను కప్పు, ద్వారాలకు కిటికీలకు చెక్కుడు రాయి. బంగారు పూత వేసిన ప్రధాన వేదికను మెక్సికో నగరంలో చేయించి, విడగొట్టి, ఓడ మీద సముద్రం దాటించి, కంచరగాడిదల మీద కొండ ఎక్కించారు. ఇప్పుడు తారు రోడ్డు మీదే గంట పడుతున్న కొండ అది.

చర్చి చూసి వెనక్కి రావద్దు. వెనకవైపు రాతి కాలువ వెంట పొలాల మధ్య కొద్ది నిమిషాలు నడిస్తే జెసూట్ల కాలం నాటిదని చెప్పే ముసలి ఆలివ్ చెట్టు ఉంది, మొద్దు మెలికలు తిరిగిపోయి ఉంటుంది. ఈ మిషన్ 1699లో మొదలైంది వేరేచోట. నీళ్లు చాలక 1710లో ఇక్కడికి మార్చారు. రాతి కాలువ చూస్తే ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. నీళ్లున్న చోటే మిషన్ నిలిచింది. చర్చి తర్వాతి మాట.

పాతకాగితం
తెలుగువాళ్లకు శాన్ హవియేర్ తెలియని పేరు కాదు. గోవాలో బోం జెసు చర్చిలో భౌతికకాయం ఉన్న ఫ్రాన్సిస్ జేవియరే ఈయన. పండుగ డిసెంబరు 3. ఆ రోజున పాత గోవాకు జనం ఎలా వెళ్తారో, లొరెతో నుంచి ఈ కొండ ఊరికి కూడా కాలినడకన భక్తులు వెళ్తారు. మీరు వెళ్లేసరికి ఆ రద్దీ తగ్గిపోతుంది.

మ్యూజియంలో తేదీలు గందరగోళంగా అనిపించకుండా క్రమం ఇది. లొరెతో మిషన్ మొదలుపెట్టిన హువాన్ మరియా సాల్వతియెర్రా మిలాన్‌లో పుట్టిన జెసూట్. ఊరి పేరు ఇటలీలోని లొరెతో మాతది. రాజు అనుమతి ఇచ్చాడు, డబ్బు ఇవ్వలేదు. దాతల విరాళాలతో కాలిఫోర్నియాల ధర్మనిధి ఒకటి ఏర్పడింది, మిషన్లు దానిమీదే నడిచాయి. ఆ నిధి సొమ్ము గురించి అమెరికా, మెక్సికోల మధ్య వచ్చిన తగాదానే 1902లో హేగ్ శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం విన్న మొదటి కేసు.

1767లో స్పెయిన్ రాజు జెసూట్లను వెళ్లగొట్టమన్నాడు. ఇక్కడ అది 1768 మొదట్లో అమలైంది. వాళ్ల స్థానంలో వేరే కేథలిక్ సంఘాలవాళ్లు, ముందు ఫ్రాన్సిస్కన్లు, 1773 నుంచి డొమినికన్లు వచ్చారు. ఫ్రాన్సిస్కన్ హునీపెరో సెర్రా 1769లో లొరెతో నుంచే ఉత్తరానికి కదిలాడు, ఆ ఏడాది జులైలో శాన్ డియేగో మిషన్ మొదలైంది. ఇవాళ శాన్ డియేగోలో ఉన్న తెలుగువాళ్లు వారాంతంలో చూసే మిషన్‌కి దారి ఈ గుమ్మం నుంచే పడింది.

ఇవన్నీ వచ్చినవాళ్ల తేదీలు. ఉన్నవాళ్ల గురించి కూడా వెతికి చదవండి. లొరెతో తీరంలో మోంకీ జనం, శాన్ హవియేర్ కొండల్లో కొచిమీ జనం. వేట, చేపలు, కాయలు, గడ్డల మీద ఆధారపడి చోటు మారుతూ బతికేవాళ్లు. వాళ్లను మిషన్ చుట్టూ ఒక్కచోట చేర్చాక మశూచి, తట్టు, టైఫస్ వరసగా వచ్చాయి. ఆ జబ్బులకు వాళ్ల శరీరాల్లో రక్షణ లేదు, జనం కిక్కిరిసి ఉండటంతో ఒకరి నుంచి ఒకరికి త్వరగా అంటుకున్నాయి. ఎవరి కోసం చర్చిలు కట్టామన్నారో ఆ జనమే తరిగిపోయారు, వాళ్ల భాషలూ పోయాయి. మిగెల్ దెల్ బార్కో బహిష్కరణ తర్వాత ఇటలీలో కూర్చుని కొచిమీ భాష గురించి రాసిపెట్టిన నోట్సు లాంటివాటి వల్లే ఇవాళ ఆ భాష గురించి కొంతైనా తెలుసు. కట్టినవాడి చేతిలోనే ఆ భాష ఆనవాలు కూడా మిగలడం నన్ను చాలా కలవరపెడుతుంది. శాన్ హవియేర్ కమాను కింద నిలబడ్డప్పుడు రాళ్లు మోసినవాళ్లెవరో కూడా అడగాలి.

తూర్పుగాలి
అందరికీ ధన్యవాదాలు. స్టాంపులన్నీ గడువులోనే ఉన్నాయి. దిగేది గురువారం, మ్యూజియం తెరిచే ఉంటుంది. శాన్ హవియేర్ మాత్రం వదలబుద్ధి కావడం లేదు. దీవి ప్రయాణం మానేసి శుక్రవారం అక్కడికి వెళ్తే?

మలుపు
మానేయక్కర్లేదు, నిర్ణయం గాలికి వదిలేయండి. డిసెంబరులో ఆ సముద్రం మీద ఉత్తరగాలులు లేస్తాయి, ఒకసారి లేస్తే రెండు మూడు రోజులు ఉండొచ్చు. గాలి ఎక్కువైతే పోర్టు అధికారులు చిన్న పడవలను బయటికి పోనివ్వరు. దీవికి తీసుకెళ్లేవి ఎక్కువగా పాంగాలనే చిన్న పడవలే.

గురువారం సాయంత్రం సముద్రపు గట్టు మీదికి వెళ్లినప్పుడు పడవవాళ్లను రేపటి గాలి గురించి అడగండి. బాగుందంటే శుక్రవారం దీవి. రేవు మూస్తారంటే శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి శాన్ హవియేర్, ఒంటిగంటకల్లా వెనక్కి. పొద్దున వెళ్తే చీకటి భయం లేదు. పడవకు డబ్బు కట్టేముందు, రేవు మూస్తే పూర్తిగా తిరిగిస్తారా అని అడిగి రాయించుకోండి. కారుకు ఒక్కరోజు బుకింగ్, ఉచితంగా రద్దు చేసుకునేది చూసుకోండి.

గాలి బాగుండి దీవికే వెళ్తే శనివారం పొద్దున ఏడున్నరకు కారు తీసి శాన్ హవియేర్ వెళ్లినా పదకొండున్నరకు ఊళ్లో ఉంటారు. తిరుగు విమానం మూడింటికి ముందైతే మాత్రం ఆ పని చేయొద్దు.

రాతికట్టడం
ఈ పథకం బాగుంది. గురువారానికి ఇలా: 1:30కి భోజనం, 2:30కి మ్యూజియం, 3:45కి చర్చి, 4:30కి సాల్వతియెర్రా వీధిలో సముద్రంవైపు నడక. వాహనాలు రాని ఆ వీధిలో చెట్ల కొమ్మల్ని కమానులా కత్తిరించి పెంచారు. మెక్సికోలో ఆ చెట్టును లౌరెల్ దె లా ఇందియా అంటారు, మన రావి, మర్రి జాతిదే. ఐదింటికల్లా గట్టు మీద ఉండండి.

ఒక సంగతి. గట్టు తూర్పుముఖం, పొద్దు సముద్రంలో గూకదు. సముద్రానికి వీపు పెట్టి కొండలవైపు చూడండి, హిగాంతా కొండల శిఖరాల వెనక ఆకాశం ఎర్రబడుతుంది. సముద్రం మీద సూర్యుడు కావాలంటే మర్నాడు పొద్దున ఏడింటికి అదే చోటికి రావాలి.

ఉప్పుపప్పు
కొన్ని దుకాణాలు రెండు నుంచి నాలుగు దాకా మూసేస్తారు, కొనేవి ఏవైనా ఉంటే నాలుగున్నర తర్వాతే. కార్డు మెషీన్ డాలర్లా పేసోలా అని అడిగితే పేసోలు నొక్కండి, డాలర్లు నొక్కితే మారకపు రేటు వాళ్లది. శాన్ హవియేర్‌లో కార్డు పనిచేస్తుందని అనుకోవద్దు, చిన్న నోట్లు ఉంచుకోండి. అక్కడ మేకపాల జున్ను దొరికితే కొనండి. ఇంటి నుంచి పళ్లు, విత్తనాలు మాత్రం తీసుకెళ్లొద్దు, కస్టమ్స్ దగ్గర తీసేస్తారు.

దారిమ్యాప్
టైములో ఒక చిక్కు ఉంది, అది కూడా చూసుకోండి. బాహా కాలిఫోర్నియా సుర్‌లో గడియారం ఏడాదంతా ఒకటే, 2022 తర్వాత వేసవి మార్పు లేదు. వేసవిలో అది లాస్ ఏంజెలెస్‌తో సమానం, డిసెంబరులో మాత్రం ఒక గంట ముందు. మీరు ఒంటిగంట అన్నది లొరెతో టైమా, లాస్ ఏంజెలెస్ టైమా?

తూర్పుగాలి
టికెట్ మళ్లీ చూశాను. దిగే టైము 12:05, లొరెతోదే. ఒంటిగంట లెక్క సరిపోయింది. కారు బుకింగ్ శుక్రవారం నుంచి శనివారం దాకా పెట్టి, బీమాతో కలిపిన ధర రాసి పంపమని అడిగాను.